విదేశీ ఎంబీబీఎస్ మధ్యలో ఆపి కాకినాడలో చేరవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది అమలాపురం. జార్జియాలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం ముగించబోతున్నాను. ఇక్కడి చలీ, భోజనమూ, భాషా ఏవీ నాకు సరిపడడం లేదు. చదివిన రెండేళ్లనూ లెక్కలోకి తీసుకుని కాకినాడలో గానీ మా ఊళ్లోనే గానీ మూడో సంవత్సరంలో చేరే మార్గం ఉందా? ముందుగా కొంత సొమ్ము కడితే తామే కుదురుస్తామని ఒక కన్సల్టెన్సీ వారు మా నాన్నగారితో అన్నారట.

జవాబు: లేదమ్మా. ముందుగా మీ నాన్నగారికి ఫోన్ చేసి, ఆ సొమ్ము కట్టవద్దని చెప్పండి. మిగతాది తర్వాత తీరికగా చదవవచ్చు.

విదేశీ వైద్య కళాశాలలో చేరిన విద్యార్థిని కోర్సు మధ్యలో భారతదేశంలోని కళాశాలకు బదిలీ చేయడానికి 1956 నాటి భారత వైద్య మండలి చట్టంలో వీలు లేదు, దాని స్థానంలో వచ్చిన 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనూ లేదు. కాకినాడ రంగరాయ ప్రభుత్వ కళాశాల కాబట్టి కుదరదనీ, అమలాపురం కిమ్స్ ప్రైవేటుది కాబట్టి సర్దుబాటు చేస్తారనీ అనుకోవడం పొరపాటు, ఎందుకంటే నియమం రెండింటికీ ఒక్కటే. ఎన్నారై కోటా పేరు చెప్పి ఆశ పెట్టేవారూ ఉన్నారు. ఆ సీట్లకూ నీట్ అర్హత తప్పనిసరి, అవి మొదటి సంవత్సరంలో చేరడానికి ఉద్దేశించిన సీట్లే. పెద్దవాళ్లకు గుర్తున్న పాతకాలపు ‘మైగ్రేషన్’ కూడా దేశంలో గుర్తింపు పొందిన ఒక కళాశాల నుంచి మరొక దానికి మారడమే గాని, విదేశం నుంచి వచ్చి చేరడం కాదు.

‘మరి ఉక్రెయిన్ పిల్లలకు ఇచ్చారు కదా’ అని కన్సల్టెన్సీ వారు తప్పక అంటారు. ఇవ్వలేదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై వేలమంది విద్యార్థులు పుస్తకాలు కూడా వదిలేసి తిరిగివచ్చినప్పుడు, వారిని మన కళాశాలల్లో చేర్చుకోవాలన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టంలో అందుకు చోటు లేదనీ, అలా చేర్చుకుంటే వైద్యవిద్య ప్రమాణాలు దెబ్బతింటాయనీ ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్రం కోర్టుకు తెలియజేసింది. మిగతా చదువును మరో దేశంలో పూర్తిచేసినా పట్టా మాత్రం మొదటి ఉక్రెయిన్ విశ్వవిద్యాలయమే ఇచ్చే ఏర్పాటుకు జాతీయ వైద్య కమిషన్ అంగీకరించింది. 2023లో చివరి సంవత్సరం వారికి మాత్రం, ఏ భారతీయ కళాశాలలోనూ చేరకుండానే ఎంబీబీఎస్ ఫైనల్ పార్ట్ 1, పార్ట్ 2 పరీక్షలు రాసి, ఆపై రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేసే అవకాశం ఇచ్చారు. అది ఒక్కసారికే పరిమితమని అప్పుడే స్పష్టం చేశారు. బాంబుల మధ్య నుంచి బయటపడినవారికే దొరకని సీటు చలి, భోజనం కారణంగా మీకు దొరుకుతుందని ఎవరైనా చెబితే, వారు మీ నాన్నగారి చేపల చెరువు కౌలు డబ్బు మీద కన్నేశారనే నేను అనుకుంటాను.

ఇక్కడ మరొక ప్రమాదం ఉంది. ఇండియాలో కుదరలేదు కాబట్టి పక్కదేశంలోని మరో విశ్వవిద్యాలయానికి మారుస్తామని అదే ఏజెంటు మరోసారి తన దళారీ సొమ్ము కోసం ముందుకు రావచ్చు. 2021 నవంబరు 18న వెలువడిన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం, ఆ తర్వాత విదేశంలో చేరినవారు కనీసం 54 నెలల కోర్సును, 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను ఒకే విదేశీ సంస్థలో, ఆంగ్ల మాధ్యమంలో పూర్తిచేయాలి. శిక్షణలో ఏ భాగమూ ఇండియాలో గానీ మరో దేశంలో గానీ జరగకూడదు. ఆ దేశపు పౌరులతో సమానంగా అక్కడ వైద్యం చేయడానికి అర్హత కూడా ఉండాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలోపు అంతా ముగియాలి. కనుక తొందరపడి కళాశాల మారితే, పట్టా చేతికి వచ్చాక ఇండియాలో రిజిస్ట్రేషనే చిక్కులో పడుతుంది.

ఇక మిగిలినవి రెండు దారులు. మొదటిది మళ్లీ నీట్ రాసి ఇండియాలో మొదటి సంవత్సరం నుంచి చదవడం. గరిష్ఠ వయోపరిమితి ఏదీ లేదు గాని, చదివిన రెండేళ్లూ లెక్కకు రావు. మొదటి సెమిస్టరులోనే ఉన్నవారు అడిగితే ఈ దారి గురించి ఆలోచించమని నేనే చెబుతాను. అయితే ఇండియాలో సీటు చేతికి వచ్చేదాకా ఉన్న సీటు వదులుకోకూడదు. మీ విషయంలో మాత్రం ఉన్నచోటే ఉండి పూర్తిచేయడమే మేలని నా అభిప్రాయం. అనాటమీ, ఫిజియాలజీ దాటిన తర్వాత వెనక్కి వెళ్లి మళ్లీ అదే మొదలుపెట్టడం ఎంతటి ఉత్సాహవంతులకైనా కష్టమే.

ఉండాలని నిర్ణయించుకుంటే, విదేశంలో చదివినవారు ఇండియాలో వైద్యం చేయడానికి రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈని చివరి ఏడాది సంగతిగా చూడకండి. మూడువందల ప్రశ్నల్లో నూటయాభై సరిగా రాస్తే చాలు, ఏటా రెండుసార్లు జరుగుతుంది, అయినా తప్పేవారే ఎక్కువ. మొదటి రెండేళ్ల సబ్జెక్టులనూ అందులో అడుగుతారు కాబట్టి ఇప్పటి నుంచే వారానికి కొంత సమయం దానికి కేటాయించాలి. అది దాటాక ఇండియాలో మరో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. జార్జియన్ భాష నేర్చుకోవడానికి బద్ధకించవద్దు. పాఠాలు ఇంగ్లిషులో ఉన్నా, వార్డులో రోగి తన నొప్పిని తన భాషలోనే చెబుతాడు, రోగిని అడిగి తెలుసుకోలేని విద్యార్థి క్లినికల్స్‌లో గోడకు ఆనుకుని నిలబడి చూడడం తప్ప చేయగలిగేది ఉండదు. భోజనానికైతే నలుగురు తెలుగు పిల్లలు కలిసి ఒక వంటగది ఏర్పాటు చేసుకోండి. మన ఆవకాయ చలిదేశంలోనూ పాడవదు.

చదువు అయ్యాక నేనున్న అమెరికాకు రావాలనుకున్నా లెక్క మారదు. ఇక్కడి కళాశాలల్లో కోర్సు మధ్యలో విదేశీ విద్యార్థిని చేర్చుకునేవి అత్యల్పం, పట్టా పొందాక ఇక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి, విదేశీ పట్టాలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ సర్టిఫికెట్ తీసుకుని, రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రి శిక్షణలో చేరడమే నడిచే దారి. అందుకు మీ కళాశాల పేరు ప్రపంచ వైద్య కళాశాలల డైరెక్టరీలో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా, ఫీజు రసీదులు, నీట్ స్కోర్‌కార్డు, రాకపోకల ముద్రలున్న పాత పాస్‌పోర్టు ఏదీ పారేయకుండా ఒక ప్రతి అమలాపురంలోనూ ఉంచండి.