ఆరేళ్ల సర్వీసు నిండినా లెవెల్ 11 జీతపు స్థాయికి ప్రమోషన్ రాని విజయనగరం లైబ్రేరియన్‌కి

21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు చేసినా ప్రమోషన్ ఫైలు వెనక్కొచ్చిందంటే, మేడమ్, చాలావరకు లోపం ఒక్కచోటే ఉంటుంది: లైబ్రరీ ఆటోమేషన్ (పనులు కంప్యూటర్‌తో నడపడం), డిజిటలైజేషన్ మీద కనీసం 5 రోజుల శిక్షణ. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో ఇది ఓరియెంటేషన్‌కి అదనం, దానికి బదులు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

1. సర్టిఫికెట్లన్నీ ముందేసుకుని తేదీలు లెక్కపెట్టండి. బంగారు అంచున్నా సరే, "రెండు రోజుల జాతీయ సదస్సు" ఈ 5 రోజుల లెక్కని నింపదు.

2. శిక్షణ లేకపోతే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం) వాళ్ల సోల్ శిక్షణో, దగ్గర్లో ఎక్కడైనా కోహా వర్క్‌షాపో చూడండి; సోల్, కోహా రెండూ లైబ్రరీ సాఫ్ట్‌వేర్లే. (కోహా ఉచితమే, ఇంట్లో లాప్‌టాప్‌లో వేసుకుని ముందే చెయ్యి తిప్పుకోవచ్చు.)

3. వేసవి సెలవుల దాకా ఆగొద్దు. అర్హతలన్నీ పూర్తయిన తేదీ నుంచే ప్రమోషన్ లెక్క.