రెండు వందలిస్తానన్న పక్కింటావిడ

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయి మద్రాసు వచ్చి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాం. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను, ఇప్పటికీ మానలేదు. టేబుల్ రన్నర్లు, గుమ్మం తోరణాలు, దీపం కింద వేసే పద్మాలు, చెంబుల మీద కప్పే పూసల మూతలు, చంటిపిల్లలకి చిన్న ఏనుగు బొమ్మలు అల్లుతాను. ఇన్నాళ్లూ పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఊరికే ఇచ్చేశాను. మొన్న పక్కింటావిడ నా రన్నర్ చూసి ముచ్చటపడి, "రెండు వందలిస్తాను, ఇచ్చెయ్యండి" అంది. రోజుకి మూడు గంటల చొప్పున మూడు వారాలు అల్లాను దాన్ని. దారానికే 350 అయింది. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నవరాత్రులకి రెండు వారాల ముందు మైలాపూరులో ఒక కల్యాణ మండపంలో రెండు రోజులు చేతిపనుల సంత పెడుతున్నారు. ఆరడుగుల టేబుల్‌కి 3,000. మా కింది వాటాలో టెర్రకోట నగలు చేసే అమ్మాయి, చెరి సగం తీసుకుందామంటోంది. మావారు "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదానికి దుకాణం ఎందుకు" అంటున్నారు. మా అమ్మాయేమో, "మెషిన్ లేసు మీటరు ఇరవైకి దొరుకుతుంటే సంతలో నీది ఎవరు కొంటారు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టు" అంటోంది. తోరణం 350కి అమ్ముదామనుకుంటున్నాను. దానికి దారం 180, తొమ్మిది గంటల పని. సంతకి ఇంకా ఐదు వారాలుంది. వచ్చే శనివారంలోగా డబ్బు కట్టాలి. వెళ్లమంటారా, వద్దంటారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: వెళ్లమ్మా. సగం టేబులే తీసుకో. తోరణాలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు.

ముందు ఆ రెండు వందల సంగతి. ఆవిడ మీద కోపం పెట్టుకోకు. దారానికే 350 అయిందని ఆవిడకి ఎవరు చెప్పారు? ఇరవై రెండేళ్లుగా ఊరికే ఇస్తూ వచ్చావు, ఊరికే వచ్చేదానికి రెండు వందలిస్తున్నానని ఆవిడ పెద్ద మనసు చేసుకునే ఉంటుంది.

ఇక మీవారి మాట. ఆ మాట మీ ఊరివాళ్లకి కొత్త కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నర్సాపురం ఆడవాళ్లకి నేర్పిన పని ఇది. మరియా మీస్ అని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఒకావిడ మీ వైపు లేసు అల్లే ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 1982లో వచ్చింది. అందులో ఆవిడ తేల్చింది సరిగ్గా ఇదే. రోజులో ఎన్ని గంటలు అల్లినా వాళ్లని పనివాళ్లుగా లెక్కపెట్టరు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారంటారు, అందుకే కూలి అంత తక్కువ. సరుకు మాత్రం ఓడలెక్కి విదేశాలకి పోయింది. ఈ కథ మీవారికి చెప్పి గొడవ పెట్టుకోమని కాదు. ధర రాసేటప్పుడు నీకు గుర్తుంటే చాలు.

ఇప్పుడు లెక్క. తోరణం 350, దారం 180 పోతే 170 మిగులుతుంది. తొమ్మిది గంటలకి పంచితే గంటకి పంతొమ్మిది రూపాయలు కూడా లేవు. పోనీ 900 అని రాద్దామా అంటే, పక్క టేబుల్ మీద మెషిన్ తోరణం 150కి వేలాడుతుంటుంది. అందుకే వద్దన్నాను.

నీ పద్మాలకీ మూతలకీ ఎంత పడుతుందో నువ్వు రాయలేదు. మా వీధిలో లేసు అల్లే ఒకావిడని కూర్చోబెట్టి, గోడ గడియారం చూస్తూ అల్లించాను (ఆవిడకి రెండుసార్లు కాఫీ ఇవ్వాల్సొచ్చింది, ఆ ఖర్చు నా ఖాతాలో). అరచేతి వెడల్పు పద్మం ఒకటి నలభై నిమిషాల్లో అయింది, దారం 15 రూపాయలది పట్టింది. 80కి అమ్మితే 65 మిగులుతుంది. అంటే గంటకి దాదాపు 97. పూసల మూతకి గంటన్నర, దారం పూసలు కలిపి 35. 180కి అమ్మితే అక్కడా గంటకి ఇంచుమించు అంతే. ఆవిడ చెయ్యి కాస్త నిదానం, నీది ఇంకా వేగం కావచ్చు.

ఖర్చు చూడు. సగం టేబుల్ 1,500. 29సి బస్సు ఉందిగా అని గంజి పెట్టిన లేసు పెట్టె పట్టుకుని బస్సెక్కకు. ఆటోలో మీ ఇద్దరూ చెరి సగం వేసుకుంటే రెండు రోజులకి నీ వాటా ఓ 500 అవుతుంది. తిండికీ కాఫీకీ 200, కాగితం సంచులకీ ధర చీటీలకీ మరో 200. మొత్తం 2,400. అంటే 37 పద్మాలు అమ్ముడుపోయేదాకా నువ్వు మండపం వాళ్ల కోసం, ఆటోవాడి కోసం అల్లినట్టు. ఈ 2,400 పూర్తిగా పోయినా ఇంట్లో మాట పడకుండా, నీ సొంత డబ్బులోంచి పెట్టుకోగలవా? లేకపోతే ఈ ఏడు మానెయ్. బొమ్మల కొలువుల సీజన్ వచ్చే ఏడాదీ వస్తుంది.

ఐదు వారాలు, రోజుకి మూడు గంటలు అంటే 105 గంటలు. అరవై పద్మాలకి నలభై, ఇరవై మూతలకి ముప్ఫై. మిగిలిన ముప్ఫై అయిదు ఉతకడానికీ గంజికీ. ఆపైన జ్వరాలు, చుట్టాలు కూడా వస్తారు కదా. ఇంతకన్నా ఎక్కువ సరుకు పెట్టుకోకు. రన్నర్ ఒక్కటి తీసుకెళ్లు, అమ్మడానికి కాదు. అదే గంట కూలి లెక్కన దానికి 6,400 పైనే వస్తుంది. చీటీ మీద 6,400 అని రాసి టేబుల్ మధ్యలో పరుచు. ఎవరూ కొనరు, కానీ దాన్ని చూసి మూత చేతిలోకి తీసుకున్నవాళ్లు 180కి బేరం ఆడటానికి కాస్త మొహమాటపడతారు.

ధర చీటీలు ప్రతిదానికీ కట్టాల్సిందే. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. జాకెట్టు ముక్కలు అతికి సంచులు కుట్టేదాన్ని. వెస్ట్ మాంబళంలో ఒక హాలులో మొదటిసారి టేబుల్ పెట్టినప్పుడు చీటీలు రాయలేదు. ఎవరైనా "ఎవ్వళవు?" (ఎంత?) అని అడిగితే వాళ్ల మొహం చూసి చెప్పేదాన్ని. కళకళలాడుతూ వచ్చిన ఒకావిడకి 120 అన్నాను. అరగంట తర్వాత ఇంకొకావిడ "కొంజం కొరైచ్చు కుడుంగ" (కాస్త తగ్గించి ఇవ్వండి) అని బతిమాలితే 90కి ఇచ్చాను. ఇద్దరూ అక్కాచెల్లెళ్లట! మెట్ల దగ్గర కలుసుకుని సంచులు పోల్చుకుని, ఇద్దరూ కలిసి వెనక్కి వచ్చారు. పది మందిలో ముప్ఫై రూపాయలు తిరిగిచ్చాను. రూపాయల సంగతి అటుంచు, ఆ సాయంత్రమంతా తలెత్తి ఎవరికీ ధర చెప్పలేకపోయాను.

ఆ హాలు వాళ్లు నాకు వంటల స్టాళ్ల పక్కనే చోటిచ్చారు, డబ్బు మాత్రం అందరితో సమానంగా తీసుకున్నారు. మిగిలిన సంచులు ఇంటికి తెచ్చి చూస్తే బజ్జీల కంపు. రెండుసార్లు నానబెట్టి ఉతికినా వదల్లేదు. చివరికి మావారు కూరగాయలకి వాడేసుకున్నారు.

చీరకి కొంగు ఎంతో లేసుకి పరిచే తీరు అంత. తెల్ల లేసు తెల్ల టేబుల్ గుడ్డ మీద వేస్తే రెండడుగుల దూరం నుంచి ఏమీ కనిపించదు. ముదురు మెరూన్ నూలు చీర ఒకటి మడతపెట్టి పరిచి దాని మీద వెయ్. పల్చటి గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టడం నీకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మైలాపూరులో సముద్రపు గాలికి మధ్యాహ్నమయ్యేసరికి రేకులు వాలిపోతాయి. పది పద్మాలు మాత్రమే పైన పెట్టు, మిగతావి డబ్బాలో మూత పెట్టి ఉంచి, వాలినవి మార్చుకుంటూ ఉండు.

ఆడవాళ్లు నీ మూతని ఎలా చూస్తారో గమనించు. ముందు తిరగేసి వెనక వైపు చూస్తారు. తర్వాత పూసని గోటితో లాగుతారు, ఊడుతుందేమోనని. ఆ తర్వాతే "మెషినా?" అంటారు. దానికి నోటితో జవాబు చెప్పే పని పెట్టుకోకు. కుర్చీలో కూర్చుని, సగం అయిన పద్మం ఒళ్లో పెట్టుకుని అల్లుతూ ఉండు. సూది కదులుతుంటే ఇక ఆ ప్రశ్న రాదు. పిల్లలు ఆగుతారు, పిల్లల వెనక తల్లులు ఆగక తప్పదు. అక్కడే ఒక ముసలావిడ "మా అమ్మ కూడా అల్లేది" అంటూ మొదలుపెడుతుంది. కొనకపోయినా ఆవిడని మాట్లాడనీ. జనం పోగైన టేబుల్ దగ్గరికే జనం వస్తారు.

ఏనుగు బొమ్మలు మాత్రం తీసుకెళ్లకు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్లకి మినహాయింపు ఉంది. నువ్వు నమోదు చేయించుకున్నాక బొమ్మల మాట చూద్దాం. జీఎస్టీ అని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడకు. తమిళనాడులో, రాష్ట్రం లోపలే సరుకు అమ్ముకునేవాళ్లకి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా ఆ నమోదు అక్కర్లేదు. మనం 80 రూపాయల పద్మాల దగ్గర ఉన్నాం.

ఇంకో మాట. నర్సాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గర్వంగానే ఉంటుంది, కానీ నీ చీటీ మీద "నర్సాపురం లేసు" అని వేయించకు. ఆ పేరు ఆ ప్రాంతంలో తయారయ్యే సరుకుది, నువ్వు అల్లేది పెరంబూరులో. అడిగినవాళ్లకి "నర్సాపురంలో మా అమ్మమ్మ నేర్పింది" అని చెప్పు. అది నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు.

మీ అమ్మాయి చెప్పిన ఇన్‌స్టాగ్రామ్ కూడా చెయ్యొచ్చు, కానీ తర్వాత. ఫోటోకి లైక్ కొట్టినవాళ్లు పూస లాగి చూడరు. మీటరు ఇరవై లేసుకీ నీ లేసుకీ తేడా వేళ్లకి తెలిసినట్టు కళ్లకి తెలియదు. మీ అమ్మాయిని ఆ రెండు రోజులూ వెంట తీసుకెళ్లు. క్యూఆర్ కోడ్ పెట్టడం, డబ్బు పడిందో లేదో చూడటం తనకి అప్పజెప్పు. పది, ఇరవై నోట్లు ఓ ఐదొందలకి చిల్లర దగ్గర ఉంచుకో.

చుట్టాలనీ స్నేహితులనీ మొదటి రోజు రమ్మనకు. వాళ్లు మొహమాటానికి తలా రెండు కొంటారు, సరుకు చెల్లిపోయిందని నువ్వు సంబరపడతావు, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏది తీసుకున్నారో ఏది వదిలేశారో తెలియకుండానే సంత అయిపోతుంది. మూత పట్టుకుని, ధర చూసి పెట్టేశారా? పద్మం తీసుకుని "జత ఉందా" అన్నారా? చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకో. నాకు ఆ పుస్తకం వల్లే తెలిసింది, నేను ప్రాణం పెట్టి కుట్టిన పెద్ద సంచిని రెండు రోజుల్లో పదకొండు మంది పట్టుకుని పదకొండు మందీ కింద పెట్టేశారని. జిప్పు లేదు దానికి!

ఈ ఊళ్లో నవరాత్రి ముందు సంత అంటే అసలు ఆదాయం టేబుల్ మీద ఉండదు. కొలువు పెట్టేవాళ్లు మైలాపూరు ఉత్తర మాడ వీధిలో బొమ్మలు కొనడంతో పాటు, పేరంటానికి వచ్చేవాళ్లకి తాంబూలంలో పెట్టి ఇవ్వడానికి ఏదో ఒకటి వెతుకుతుంటారు. ఎవరో ఒకావిడ పద్మం చేతిలో తిప్పుతూ "ముప్ఫై కావాలి, కిడైక్కుమా?" (దొరుకుతాయా?) అంటుంది. ఆ సంతోషంలో వంద పద్మాలకి కూడా తలూపేస్తావు, అక్కడే జాగ్రత్త. మూడు గంటల్లో నాలుగు పద్మాలు, రెండు వారాల్లో యాభై ఆరు. ఉతుకూ గంజీ ఉన్నాయి కాబట్టి అందరికీ కలిపి నలభై దాటి ఒప్పుకోకు. సగం డబ్బు ముందే తీసుకో, ముప్ఫై తీసుకునేవాళ్లకి ఒక్కోదాని మీద ఐదు రూపాయలు తగ్గించినా పర్వాలేదు, ఇరవై తగ్గించకు.

పక్కింటావిడ అక్కడికి వచ్చిందనుకో, రన్నర్ చీటీ ఆవిడే చదువుకుంటుంది. నువ్వేం మాట్లాడకు, ఒక పద్మం ఊరికే ఇవ్వాలనిపించినా ఆ రెండు రోజులు మాత్రం చెయ్యి కట్టేసుకో.

శనివారంలోగా డబ్బు కట్టే ముందు సంత వాళ్లకి ఫోన్ చెయ్. టేబుల్ ఇద్దరు పంచుకోవచ్చా అని మొదట అడుగు, కొందరు ఒప్పుకోరు. తర్వాత చోటు ఎక్కడిస్తారో అడిగి, వాట్సాప్‌లో రాయించుకో. గోడ వారన, గుమ్మానికి కుడి పక్కన దొరికితే మంచిది. వంటల పక్కనంటే వద్దను. సరిగ్గా ఫ్యాన్ కింద ఇస్తామన్నా వద్దనే చెప్పు, పద్మాలు ఎగిరిపోతే ఏరుకోవడానికే సరిపోతుంది.