ఉచిత డొమైన్ ఎవరి ఖాతాలో ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతోంది. వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటానంటోంది. ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకు 28 వేలు అడుగుతున్నారు. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్‌ను నెట్‌లో ఉంచే చోటు) ఉచితమట. కట్టమంటారా?
– ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా మొదట చెప్పేది పేజీని కట్టే హెచ్‌టీఎంఎల్, దానికి రూపం ఇచ్చే సీఎస్‌ఎస్, పేజీని పనిచేయించే జావాస్క్రిప్ట్ కాస్త. ఇవి ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైట్‌లోనూ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైట్‌లోనూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా సరే, అందులో కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, ఫలితం చూసుకునే క్రోమ్ వేసుకుంటే చాలు. ఫోన్‌లో వీడియోలు చూస్తే నేర్చుకున్నట్టు కాదు, చేత్తో టైప్ చేయాల్సిందే.

రోజుకు గంటన్నర కూర్చుంటే హెచ్‌టీఎంఎల్ రెండు వారాల్లో వస్తుంది. సీఎస్‌ఎస్‌కు ఆరు వారాలైనా ఇవ్వాలి. ప్యాడింగ్‌కూ మార్జిన్‌కూ (అంచు లోపలి, బయటి ఖాళీలకు) తేడా, పేజీలో వేటిని ఎక్కడ అమర్చాలో చెప్పే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, తెర సైజును బట్టి పేజీని మార్చే మీడియా క్వెరీ... చాలామంది ఆగిపోయేది ఇక్కడే. విసుగొచ్చి బూట్‌స్ట్రాప్, రియాక్ట్ లాంటి రెడీమేడ్ కోడ్ సాధనాలకు దూకేస్తారు. తర్వాత బటన్ ఒకటి పక్కకు జరిగితే ఎందుకు జరిగిందో తెలియక తల పట్టుకుంటారు. ఏఐ రాసిచ్చిన పేజీ అయినా ఇంతే, సరిచేయాలంటే ఈ పునాది కావాలి.

‘నా గురించి’ అనే పేజీతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. తెలిసినవాళ్ల టైలరింగ్ షాపుకో స్వీట్ల దుకాణానికో తెలుగులో నాలుగు పేజీల సైట్ చేయమనండి. పాఠాల్లో రాని చిక్కులు అప్పుడు ఎదురవుతాయి. షాపు వాళ్లు ఇచ్చే పాంప్లెట్ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టినదైతే, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. కాపీ చేసి పేస్ట్ చేస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో మార్చి ఒత్తులన్నీ సరిచూడాలి, లేదా మళ్లీ టైప్ చేయాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 లైన్ హైట్ (వరుసకు ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకు ఇన్ని రెట్లు) తెలుగుకు చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1.7 దగ్గర పెడితే హాయిగా చదవొచ్చు. గూగుల్ ఫాంట్స్‌లోని నోటో శాన్స్ తెలుగు, మండలి మామూలు పాఠానికి బాగుంటాయి. రామభద్ర శీర్షికలకే.

సైట్‌ను నెట్‌లో అందరికీ కనిపించేలా గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌లో కనిపించిన ఫొటో అక్కడ మాయమైతే ముందు ఫైల్ పేరు చూడాలి. విండోస్‌కు పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలు రెండూ ఒకటే. సర్వర్‌కు మాత్రం వేర్వేరు. ఫైల్ చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో ఉండి, కోడ్‌లో చిన్నక్షరాల్లో రాస్తే దొరకదు. అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఫోన్‌లో పేజీ చీమల బారులా కనిపిస్తే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఫోన్ తెర వెడల్పుకు సరిపెట్టే కోడ్ లైను) మరిచిపోయినట్టే.

ఇక డొమైన్. ఇక్కడే మీరు జాగ్రత్తపడాలి. ‘ఉచితం’ అన్నది సాధారణంగా మొదటి ఏడాదికే, అదీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఖాతాలో. రేపు వాళ్లు రెన్యువల్ చేయకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా పేరు చేజారుతుంది. డాట్ కామ్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూ, పైన 18 శాతం జీఎస్టీ. అమ్మాయి పేరుతో, ఆమె సొంత ఈమెయిల్‌తో మీరే కొనండి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ వద్దు, చదువు అయ్యాక అది పనిచేయకపోవచ్చు. మొదటి ఏడాది 199 అనే ప్రకటన కనిపిస్తే రెండో ఏడాది ధర చూడండి. కొన్నాక వచ్చే వెరిఫికేషన్ మెయిల్‌లోని లింకును 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ను ఆపేస్తారు. గడువు దాటి రద్దయితే 30 రోజుల రిడెంప్షన్ సమయంలో తిరిగి తీసుకోవచ్చు గానీ రెన్యువల్‌తో పాటు గట్టి రుసుము పడుతుంది.

పేరు ఎంపికలో మనవాళ్లకు స్పెల్లింగ్‌తోనే తంటా. ‘శ్రీ’ని ఎస్‌ఆర్‌ఐ అని ఒకరు, ఎస్‌ఆర్‌ఈఈ అని ఇంకొకరు, ఎస్‌హెచ్‌ఆర్‌ఐ అని మరొకరు రాస్తారు. లక్ష్మిలో కేఎస్‌హెచ్ పెట్టేవాళ్లున్నారు, ఎక్స్ పెట్టేవాళ్లున్నారు. అనుకున్న పేరును ఫోన్‌లో ముగ్గురికి చెప్పి, స్పెల్లింగ్ చెప్పకుండా వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. ముగ్గురూ ఒకేలా రాస్తే ఆ పేరు తీసుకోవచ్చు. హైఫన్, అంకెలు వద్దు. షాపు మన దేశంలోదే కాబట్టి డాట్ ఇన్ అయినా చక్కగా సరిపోతుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది గానీ, దాన్ని ఒకే ఒక్క చిరునామాగా పెట్టుకోవద్దు.

పేరున్న బ్రాండ్‌ను పోలిన పేరు జోలికి అసలే వెళ్లొద్దు. సత్యం ఇన్ఫోవే కంపెనీ బ్రాండ్ ‘సిఫీ’. దానికి ఇంకో ఎఫ్ చేర్చి, నెట్ తగిలించి డొమైన్ తీసుకున్న కంపెనీపై ఆ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. డొమైన్ పేర్లకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని 2004లో వచ్చిన ఆ తీర్పు చెప్పింది.

హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌లతోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదు, ఆ ఆశ పెట్టేవాళ్లను నమ్మకండి. చిన్న వ్యాపారాలకు సైట్లు చేసి డిగ్రీలో ఉండగానే ఖర్చులకు సంపాదించుకోవచ్చు. ఫ్రంట్‌ఎండ్ (సైట్‌లో మనకు కనిపించే భాగం తయారుచేసే) ఉద్యోగమే కావాలంటే జావాస్క్రిప్ట్ బాగా వచ్చాక రియాక్ట్, కోడ్‌లో చేసిన మార్పులను దాచి ఉంచే గిట్ నేర్చుకోవాలి. అప్పుడు కోర్సుకు డబ్బు పెట్టినా అర్థం ఉంటుంది. చేరే ముందు ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. చెప్పే సారు స్లైడ్లు చదువుతున్నారా, కళ్లముందు కోడ్ రాసి, తప్పు వస్తే అక్కడే వెతికి సరిచేస్తున్నారా అన్నది అమ్మాయికే తెలిసిపోతుంది.