‘మరీ’ అనకు, ‘చాలా’ అను

చిన్నా,

టూరిన్‌లో సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఇటాలియన్ పదాలు ఎలాగూ వచ్చేస్తాయి. నొక్కి చెప్పే దగ్గరే మనం తడబడతాం.

నేను వెళ్లిన కొత్తలో చలికి వణుకుతుంటే మా ఓనరమ్మ పొగలు కక్కే మినెస్త్రోనె పోసిచ్చింది, కూరగాయల సూపు. చాలా వేడిగా ఉంది, ప్రాణం లేచొచ్చింది అనబోయి “త్రొప్పొ కాల్దొ” అన్నాను. ఆవిడ గబుక్కున గిన్నె తీసుకెళ్లి, కిటికీ దగ్గర చల్లార్చి తెచ్చింది. చల్లటి సూపు నవ్వుతూ తాగాను. ‘మోల్తొ’ అంటే చాలా, ‘త్రొప్పొ’ అంటే మరీ. మరీ అన్నావంటే వంక పెట్టినట్టే. ‘బెల్లొ’ అంటే అందమైన; కుర్రకారు మెచ్చుకోడానికీ ‘త్రొప్పొ బెల్లొ’ అంటారులే, నీకు చెవి అలవాటయ్యాక అందువు గాని.

విశేషణం ముందు మోల్తొ మారదు: అమ్మాయినైనా ‘మోల్తొ బెల్లా’ అనాలి. నామవాచకం ముందైతే మారుతుంది: ‘మోల్తా జెంతె’, చాలామంది జనం.

ఇక ‘ఇస్సిమొ’, అంటే ‘చాలా చాలా’ అని మాట చివర చేర్చేది. చివరి అచ్చు తీసేసి తగిలించడమే: బెల్లొ, బెల్లిస్సిమొ, ఆడవాళ్లకి బెల్లిస్సిమా. ఊపంతా ‘ఇస్’ మీద పడాలి. ద్విత్వాలు మనకి పుట్టుకతో వచ్చినవే కాబట్టి ఇబ్బంది లేదు. దీని ముందు మళ్లీ మోల్తొ పెట్టకు, పెరుగన్నంలో మజ్జిగ పోసుకున్నట్టుంటుంది.

‘ఓనె’ చేరిస్తే పెద్దదని: లిబ్రొ పుస్తకం, లిబ్రోనె లావుపాటి పుస్తకం. అన్నిచోట్లా అలా అనుకోకు. పోర్తా తలుపే గాని, పొర్తోనె అంటే బిల్డింగు వీధి గుమ్మం. బొత్తోనె ఉత్త గుండీ, అందులో పెద్దదేమీ లేదు! ‘ఆచ్చొ’ చిరాకు మాట: తెంపాచ్చొ అంటే పాడు వాన, పాడు చలి.

మన ‘ఇక్కడే’లోని ‘ఏ’కి వాళ్లు ‘ప్రోప్రియొ’ వాడతారు: ప్రోప్రియొ క్వి. మెల్లమెల్లగా అన్నట్టే ‘ప్యానొ ప్యానొ’. అలిసి చచ్చానని చెప్పాలంటే ‘స్తాంకొ మోర్తొ’, అక్షరాలా అదే మాట. అది విన్నరోజు నాకు మనూళ్లో ఉన్నట్టే అనిపించింది.

మీ అమ్మ ఆవకాయ రెండు డబ్బాలు సర్దుతుందిగా, ఒకటి ఓనరమ్మకివ్వు. ఆవిడ ‘త్రొప్పొ పిక్కాంతె’, మరీ కారం, అంటే మాత్రం మెచ్చుకోలు కాదు, ఆ డబ్బా వెనక్కి తెచ్చేసుకో.

మీ పెద్దమ్మ