మతం చేసిన గాయాలు, క్వియర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు వంటివారి) జీవితాలు: ఇలాంటి నవలలు చదివితే ఊరటా, కలతా?

రెండూ కలగొచ్చు. "నీ ప్రేమే పాపం" అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగితే, కొన్నాళ్లకు ఆ మాట మన అంతరాత్మే అంటున్నట్టు ఉంటుంది. నవల దాన్ని ఒక పాత్ర నోట పలికిస్తుంది. అప్పుడు అది ఎవరి మాటో, ఏ భయంతో అన్నారో, కాదనే వీలుందో లేదో కనిపిస్తుంది. ఎంత వాదించినా ఈ ఎడం రాదు.

బ్రిటిష్ రచయిత్రి జానెట్ వింటర్‌సన్ 1985 నవల 'ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్'లో పెంటెకోస్టల్ క్రైస్తవ ఇంటి పెంపుడు కూతురు మరో అమ్మాయిని ప్రేమిస్తుంది. దయ్యం పట్టిందని చర్చి పెద్దలు దాన్ని వదిలించబోతారు. ఇంత జరిగినా పుస్తకం నిండా నవ్వులే! ఆ పిల్ల వాక్యం బోధించడం నేర్చింది కూడా ఆ చర్చిలోనే. గాయమూ మమకారమూ ఒకే చోట నుంచి రావడం, నా దృష్టిలో, దాని అసలు బలం.

లైంగికతను బలవంతంగా "మార్చే" చికిత్సల దృశ్యాలు మాత్రం కొందరికి పాత భయాన్ని తిరగతోడతాయి. అలాంటప్పుడు పేజీలు దాటేయండి, ముగింపు ముందే చదివేయండి, తప్పేమీ లేదు. విశ్వాసాన్ని వదులుకోని క్వియర్ పాత్రల కథలూ ఉన్నాయి. దేవుణ్ణి ఇంకా ప్రేమించేవాళ్లకు అవే ముందు నప్పుతాయి.