సోలార్ పెట్టిచ్చినంక బిల్లు పెరిగింది, మిర్యాలగూడ – సమాధానం

ప్యానెళ్ల తప్పు కాకపోవచ్చన్నా, మీ ఇంటికి పాత మీటరే ఉన్నట్టుంది. 3 కిలోవాట్లు పెట్టిచ్చినంక గూడ బిల్లు పెరిగిందంటే ముందుగాల అనుమానం దానిమీదనే, పాత డిజిటల్ మీటర్లల్ల చానావాటికి కరెంటు లోపలికొస్తుందా బయటికి పోతుందా తెల్వది, మీరు గ్రిడ్‌కు (బయటి కరెంటు లైన్లకు) పంపిన యూనిట్లు గూడ వాడుకున్నట్టే ఎక్కిస్తయి.

1. మధ్యాహ్నం ఎండ మంచిగున్నప్పుడు సోలార్ ఆన్‌ల ఉంచి ఇంట్ల ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ బంద్ చేయుండ్రి. మెయిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగ మార్చే డబ్బా) గూడ ఆగిపోతది, ఏం తెల్వది.

2. అప్పుడు గూడ మీటర్ రీడింగ్ పెరుగుతుంటే గిదే కథ.

3. నెట్ మీటర్ (లోపలికొచ్చింది, బయటికి పోయింది వేరేవేరేగ లెక్కపెట్టే మీటర్) వచ్చేదాకా ఇన్వర్టర్ దగ్గరి ఏసీ ఎంసీబీ (ఇన్వర్టర్‌ను ఇంటి కరెంటుకు కలిపే స్విచ్చు) దించిపెట్టుండ్రి.

చానామంది ఆగిపోయేది ఇక్కడనే: ప్యానెళ్లు బిగించి వెండర్ పోంగనే పని అయిపోయిందనుకుంటరు. డిస్కం (కరెంటు సంస్థ) వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ పెట్టాలె, కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌ల కమిషనింగ్ రిపోర్ట్ (సోలార్ చాలూ అయిందన్న రిపోర్ట్) పడాలె, 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ గూడ దాని తర్వాతనే. మీ అప్లికేషన్ ఏ స్టేజ్‌ల ఉందో వెండర్‌ను అడగకుండ్రి, మీరే లాగిన్ అయి చూడుండ్రి.

4. కొత్త మీటర్ పెట్టినంక డిస్‌ప్లేల ఇంపోర్ట్ (లోపలికొచ్చింది), ఎక్స్‌పోర్ట్ (బయటికి పోయింది) రెండూ వేరేవేరేగ వస్తున్నయా చూసి, అప్పుడే ఎంసీబీ లేపుండ్రి.