పాలేరు పాత్రకు ప్రాణం రావడం లేదన్న ప్రశ్నకు సమాధానం

మీ కథలోని పాలేరు గురించి ‘నీడలా వెంట ఉంటాడు’, ‘కుక్కలా విశ్వాసంగా ఉంటాడు’ అని రాసినా పాత్ర బొమ్మలాగే ఉందని బాధపడ్డారు. ముందు ఆ రెండు పోలికలూ కొట్టేయండి. అవి విశ్వాసం ఉందని చెబుతున్నాయంతే, మనిషి కనిపించడం లేదు.

వాల్మీకి లక్ష్మణుణ్ణి చూడండి. పట్టాభిషేకం ఆగిపోయినప్పుడు కలుగులో కోపంతో బుసకొట్టే మహాసర్పంలా నిట్టూర్చాడంటాడు కవి. ఎంత గొప్ప ఎంపిక! తండ్రినే ఎదిరిస్తానన్నవాడు అన్న మాటకు ఆ కోపాన్ని దిగమింగుకున్నాడు కాబట్టే అతని విధేయతకు బరువు వచ్చింది. మీ పాలేరుకీ యజమానితో ఒక్క విషయంలోనైనా పడకూడదు. పోలిక అక్కడ వాడండి.

ఇక కథలో పదేపదే కనిపిస్తూ, వివరించకుండానే మనిషిని పట్టిచ్చే వస్తువు సంగతి. అడవికి వస్తానని బతిమాలేటప్పుడే లక్ష్మణుడు విల్లుతో పాటు గునపం, గంప పట్టుకుని ముందు నడుస్తానంటాడు. తర్వాత చిత్రకూటంలో, పంచవటిలో కుటీరాలు కట్టేది అతనే. కిష్కింధాకాండలో సీతమ్మ నగలు చూపిస్తే, రోజూ పాదాలకు మొక్కేవాణ్ణి కనుక అందెలే గుర్తుపట్టగలనంటాడు. ఇలా అతని సేవ వస్తువుల్లోనే కనిపిస్తుంది.

మీ కథలో ధాన్యం కొట్టు తాళంచెవి ఎలాగూ ఉంది. మొదట దాన్ని పాలేరు మొలతాడుకు ఊరికే వేలాడనివ్వండి, వివరించొద్దు. గొడవ రోజున అరుగు మీద పెట్టేసి వెళ్లబోయి ఆగాలి. యజమాని పోయాక దాన్ని కొడుక్కి ఇస్తాడా లేదా అన్నది మీ ఇష్టం. నాకైతే ఇవ్వకపోవడమే నచ్చుతుంది. టెన్షన్ పడకుండా తిరగరాసి పంపండి, తప్పకుండా చదువుతాను.